కన్ను గీటని కారు

ఇల్లు వెడలుచున్నవానిని "ఎక్కడికి?" అని అడుగరాదని మన పెద్దలు శాసించినారు, అడిగినచో పోవు పని చెడునట. అయినను తెలిసికొనవలెనను కుతూహలము పెద్దలకును లేకపోలేదు గావున, అరుగు మీది ముసలివారు ఆ ప్రశ్నకే చిన్న మారువేషము వేసి "ఎందాకా?" అని అడుగుదురు. శకునమునకు భంగము లేదు, సమాచారమునకు లోటు లేదు. మోటారు బండికి ముందు రెండును వెనుక రెండును అమర్చిన ఇండికేటరు దీపములు, ఈ "ఎందాకా?" అను ప్రశ్నకు వెనుకవాడు నోరు తెరువకమునుపే చెప్పు సమాధానములని నా అభిప్రాయము. అట్టి సమాధానము చెప్పు శక్తిని నా కారు గత వేసవిలో కోల్పోయినది. అది తిరిగి వచ్చుటకు పట్టిన నలువది దినములలో నేను నేర్చిన విద్యుచ్ఛాస్త్రమును, పడిన అగచాట్లను, వినిన ఉచిత సలహాలను, తుదకు తెలియవచ్చిన కారణమును, ఆ కారణము తెలిసిన పిమ్మట నాకు కలిగిన సిగ్గును పాఠకులకు నివేదింపదలచితిని. సిగ్గును మాత్రము కొంచెము తగ్గించి నివేదింతును.

నా కారు 1984వ సంవత్సరపు అంబాసిడరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును ఒరవడిగా గొని, కలకత్తా చెంతనున్న ఉత్తరపారా కర్మాగారమున అరువదేండ్లకు కొంచెము తక్కువగా తయారగుచు వచ్చిన ఆ వంశము 2014 మే నెలలో ఆగిపోయినప్పుడు, పత్రికలో ఆ వార్త చదివి, దూరపు జ్ఞాతి యెవరో గతించినట్లు నేను కొంతసేపు మౌనముగా కూర్చుంటిని. నేను స్నానము చేయలేదు గాని, కారునకు చేయించితిని. ఇక్కడ చెప్పబోవు బాధలలో దేనికిని దానిని చేసినవారు బాధ్యులు కారు. నలువది యేండ్లు గోదావరి గాలిని పీల్చి, మా రాజమహేంద్రవరపు వానలలో తడిసి, నావంటి యజమాని చేతిలో నలిగిన ఏ ఇనుమైనను ఎక్కడో ఒకచోట మాట తడబడక మానదు.

దానిని నేను 1996లో ఒక విశ్రాంత తాసీల్దారుగారివద్ద కొంటిని. ఆయన తాళములు నా చేతిలో పెట్టునప్పుడు, పిల్లను అత్తవారింటికి పంపు తండ్రివలె కండ్లు ఒత్తుకొని, డ్యాషుబోర్డు క్రింద తాను వేరుగా పెట్టించిన ఎర్రని త్రికోణపు బొత్తామును చూపి, "ఇది హజార్డండి. నొక్కితే నాలుగు దీపాలూ ఒక్కసారే కొడతాయి. ప్రమాదం వస్తేనే నొక్కాలి సుమండీ, ఊరికే నొక్కకూడదు" అని ఉపదేశించెను. ఆ ఉపదేశమును నేను శిరసావహించితిని. ఇరువదియెనిమిదేండ్లలో ఒక్కసారియు దానిని ముట్టలేదు. ప్రమాదము రాలేదని కాదు. వచ్చినప్పుడెల్లను నేను బొత్తామును గూర్చి ఆలోచించు స్థితిలో లేకుంటిని.

ముట్టకపోవుటకు ఉపదేశమొక్కటే కారణము కాదు. ఆ దీపముల దుర్వినియోగమును చూచి చూచి నాకు వానిమీద విముఖత కలిగియుండెను. మా వైపు డ్రైవర్లు వానిని పార్కింగు లైట్లని వ్యవహరింతురు. ఆ పేరు పెట్టుటతోనే, నిలుపరాని చోట బండి నిలుపుటకు అది అనుమతిపత్రమను భావము దేశమున స్థిరపడినది. మిఠాయి దుకాణము ఎదుట నడివీథిలో కారు ఆపి, నాలుగు దీపములను కొట్టుకొనుచుండగా వదలి, లోపలికి పోయి పూతరేకులు బేరమాడు పెద్దమనుష్యుని చూచినప్పుడు, ఆ దీపములు "ప్రమాదము, ప్రమాదము" అనుచున్నవా, "అర కిలో, అర కిలో" అనుచున్నవా యని నాకు సందేహము కలుగును. వాన వచ్చిన వేయుదురు. పెండ్లి ఊరేగింపులో వేయుదురు. అన్నిటికంటె విచిత్రమైనది నాలుగు దారుల కూడలిలో వేయుట. ఎడమకు పోవువాడు ఎడమ దీపమును, కుడికి పోవువాడు కుడి దీపమును వేయును గావున, నేరుగా పోవువాడు రెండును వేయవలెనని ఎవడో తర్కపండితుడు ఎన్నడో తీర్మానించినాడు. అతని శిష్యపరంపర నేటికిని వర్ధిల్లుచున్నది. ఈ తర్కమునందలి లోపమేమనగా, అతనికి ఎడమ దారినుండి వచ్చువానికి ఎడమ దీపము మాత్రమే కనబడును, కుడి దారినుండి వచ్చువానికి కుడి దీపము మాత్రమే కనబడును. ఇద్దరును అతడు తమ దారిలోనికే తిరుగుచున్నాడని నమ్మి ముందునకు కదలుదురు. అతడు నేరుగా వచ్చి ఇద్దరి మధ్యను నిలుచును. ఇట్టి దృశ్యములను దేవీచౌకులో పెక్కుమారులు చూచినవాడనగుటచేత, హజార్డు ముట్టని నా బ్రహ్మచర్యమును గూర్చి నాకు కొంత గర్వముండెను. ఆ గర్వమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

ఈ దీపములు లేని కాలమును నేనెరుగుదును. నా బాల్యమున మా ఊరి డాక్టరుగారికి ఒక మోరిస్ మైనరు ఉండెడిది. దాని రెండు తలుపుల నడిమి స్తంభమునుండి, తిరుగవలసిన వైపున, జానెడు పొడవుగల నారింజ వన్నె చేయి యొకటి టక్కున లేచి, రైలు సిగ్నలువలె అడ్డముగా నిలిచెడిది. ఒక్కొక్కప్పుడు లేవకుండెడిది, అప్పుడు డాక్టరుగారు కారు ఆపి, రోగి వీపు మీద తట్టినట్లు ఆ స్తంభము మీద తట్టి, లేచిన పిమ్మట మలుపు తిరిగెడివారు. బండి నిలిచియుండగా లేచిన చేయి దిగక నిలిచిపోయినచో, పిల్లలము దానికి జామకాయల సంచి తగిలించెడివారము. అమెరికాలో 1914 ప్రాంతమున మూకీ చిత్రముల నటి ఫ్లారెన్స్ లారెన్సు, బొత్తాము నొక్కిన జెండావలె లేచు చేతిని తన కారు వెనుక అమర్చుకొనెనని చెప్పుదురు. మినుకు మినుకుమను దీపములను బ్యూక్ కంపెనీవారు 1939 నమూనా కార్లకు వెనుకవైపున పెట్టి, మరుసటి యేడు ముందునకు కూడ తెచ్చిరి. ఇంత చరిత్ర గల సదుపాయమును ఒక్క వేసవిలో పోగొట్టుకొనుటయే నా వంతు.

వ్యాధి మొదట కొంచెముగా కనబడినది. కోటిపల్లి బస్టాండు దగ్గర ఎడమకు తిరుగుటకు స్విచ్చి వేయగా, ఎప్పుడును కంసాలి సుత్తివలె చురుకుగా పలుకు "టిక్కు టిక్కు" శబ్దము, ఆనాడు పురాణశ్రవణములో జోగు వృద్ధుని తలవలె, ఒక్కటి పడి, చాలసేపటికి మరొక్కటి పడెను. ఇంటికి వచ్చి గడియారము పెట్టి లెక్కించితిని: నిమిషమునకు ముప్పదియెనిమిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 102వది, ఈ దీపము నిమిషమునకు 60 సార్లకు తగ్గకుండ, 120 సార్లకు మించకుండ మెరయవలెనని విధించుచున్నది. కుడి ప్రక్క 80 పలుకుచుండెను. అనగా నా కారు కుడికి చట్టబద్ధము, ఎడమకు చట్టవిరుద్ధము. ఇది ఏ రాజకీయ పక్షమును ఉద్దేశించి వ్రాసినది కాదు.

ఇక్కడ ఆ "టిక్కు టిక్కు" యెక్కడ పుట్టునో చెప్పవలెను. డ్యాషుబోర్డు వెనుక, అగ్గిపెట్టెకంటె పెద్దది కాని ఒక రేకు డబ్బా యుండును. దానిని ఫ్లాషరు అందురు. పాతకాలపు ఫ్లాషరులో బుద్ధి యేమియు లేదు, ఉష్ణము మాత్రమే గలదు. రెండు వేరువేరు లోహములను వీపునకు వీపు అతికించిన చిన్న పట్టీ యొకటి దానిలో నుండును. దీపములకు పోవు కరెంటు ఆ పట్టీని వేడెక్కించును, రెండు లోహములలో ఒకటి ఎక్కువగాను ఒకటి తక్కువగాను సాగుటచే పట్టీ వంగి, తానే ఆ దారిని తెంచును, దీపములారును, పట్టీ చల్లారి సాగిలబడి మరల దారి కలుపును, దీపములు వెలుగును. అలిగి పుట్టింటికి పోవుట, కోపము చల్లారగానే తిరిగి వచ్చుట, వచ్చినవెంటనే మరల వేడెక్కుట: నిమిషమునకు ఎనుబదిసార్లు ఈ సంసారము జరుగును. దీనికి కావలసిన కోపము కొలతగా నుండవలెను. బల్బొక్కటి 21 వాట్లు. ప్రక్కకు రెండు, వెరసి 42. పండ్రెండు వోల్టుల బ్యాటరీనుండి మూడున్నర ఆంపియర్లు. అందులో ఒక బల్బు పోయినచో కరెంటు సగమై, వేడి తగ్గును. అప్పుడు కొన్ని జాతుల ఫ్లాషర్లు పరుగెత్తును, కొన్ని నీరసించును, కొన్ని అసలే కదలక దీపమును వెలిగించియే యుంచును. డ్రైవరు దిగి చూడకుండగనే బల్బు పోయినదని తెలియుట దీనివలని లాభము. నేను దిగి చూడగా వెనుక ఎడమ బల్బు తీగ నిజముగనే తెగుటకు సిద్ధముగా నల్లబడి, ఒకప్పుడు వెలుగుచు, ఒకప్పుడు మానుచు నుండెను.

బల్బు కొనుట చిన్న పని యని తలంచువారు ఆ పని చేయనివారు. దుకాణములోని కుర్రవాడు చేతిఫోను చూచుచునే, ఎడమచేతితో వెనుకకు తడిమి ఒక బల్బు తీసి ఇచ్చెను. అది హోల్డరులో చక్కగా కూర్చున్నది, వెలిగినది, ఆరుట మాత్రము మానినది. ఎడమకు స్విచ్చి వేసిన, దీపము ఆకాశదీపమువలె నిశ్చలముగా వెలుగుచుండెను. నాలుగు దినములు అట్లే తిరిగిన తరువాత, బల్బు నడుమునున్న ఇత్తడి మీది సన్నని అక్షరములను భూతద్దముతో చదివితిని: 10 వాట్లు. ఇరువదియొకటికి పది చేరిన ముప్పదియొకటియే గదా! ఫ్లాషరునకు కోపము రాదగిన కారణము చాలకపోయినది. దుకాణమునకు మరల పోయి చెప్పగా కుర్రవాడు, "వెలుగుతోంది కదండీ, ఇంకేం కావాలి?" అనెను. ఆరుట కావలెనని నేనంటిని. బల్బు ఆరుటలేదని ఫిర్యాదు చేసిన మొదటి కొనుగోలుదారును అతడు ఫోను ప్రక్కన పెట్టి తేరిపార చూచెను.

21 వాట్ల బల్బు వేసిన పిమ్మట వారము దినములు క్షేమము. ఎనిమిదవ నాడు కొత్త వింత: బ్రేకు తొక్కిన, డ్యాషుబోర్డులోని ఇండికేటరు చిన్నదీపము మిణుగురువలె వెలుగుచున్నది, ముందు ఎడమ దీపమును కన్ను సగము తెరచుచున్నది. తోక తొక్కిన తల ఊపు జంతువులను విన్నాను గాని, తన కారే అట్టిదగునని ఎవడనుకొనును? మా వీథిలోని విశ్రాంత ఇంజనీరుగారు, నీటిపారుదల శాఖలో పని చేసినవారు, సాయంకాలము నడకకు పోవుచు ఆగి, "ఇది ఎర్తు దోషం. నీరు పల్లమెరుగును, కాలువ పూడిపోతే పక్క పొలంలో పడుతుంది" అనిరి. ఆయనకు తెలిసినది కాలువలే యైనను, ఆ మాట అక్షరాల సత్యము. దీపమును వెలిగించి బయటపడు కరెంటు, బండి దేహము ద్వారా బ్యాటరీకి తిరిగి పోవలెను. వెనుక దీపపు గిన్నె బిగించిన చోట రేకు తుప్పుపట్టి ఆ దారి మూసికొనిపోగా, బ్రేకు దీపపు కరెంటు పాపము ఎటు పోవలెనో తెలియక, అదే గిన్నెలో పొరుగుననున్న ఇండికేటరు బల్బులో దూరి, దాని తీగ వెంట ముందునకు ప్రాకి, ముందు దీపమును డ్యాషుబోర్డును పలుకరించి, ఎట్లో ఇల్లు చేరుచుండెను. నేను మరలు విప్పి, ఎమరీ కాగితముతో ఇనుము తెల్లబడువరకు రుద్ది, ఒక నల్ల తీగను గిన్నెనుండి బండి చట్రమునకు వేరుగా బిగించితిని. జబ్బు పోయినది. ఆ దినము నేను నడచిన నడక, మాట్లాడిన మాట, మా ఇంటివారికి నేటికిని జ్ఞాపకమున్నవి.

సరిగా ఈ విజయోత్సాహమున నుండగా, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయు మా మేనల్లుడు సెలవునకు వచ్చినాడు. "ఇంకా ఈ గుండు బల్బులేంటి మావయ్యా, ఎల్‌ఈడీ వేసుకో, కరెంటే తినవు" అని, నేను వద్దనులోపల నాలుగు తెచ్చి బిగించినాడు. అతడు చెప్పినది నిజము. అవి కరెంటు తినవు. అదియే తంటా. ఫ్లాషరులోని పట్టీకి గోరువెచ్చనైనను కాక, నాలుగు దీపములును తపస్సులో మునిగినవి. మేనల్లుడు ఓడుటకు ఒప్పుకొనువాడు కాడు. వేడితో పని లేని ఎలక్ట్రానిక్ ఫ్లాషరు తెచ్చి పెట్టినాడు. అప్పుడు మెరుపు వచ్చినది; ఎడమకు వేసిన నాలుగును మెరసినవి, కుడికి వేసినను నాలుగును మెరసినవి. జీవితమున ఒక్కసారియు నొక్కని హజార్డు, నొక్కకయే నా మీద పడినది! కారణము మరునాటికి తెలిసినది. నా డ్యాషుబోర్డులో రెండు ప్రక్కలకును ఒకటే చిన్నదీపము. దానిని ఎవరో పూర్వ శిల్పి ఎడమ తీగకును కుడి తీగకును నడుమ వంతెనగా కట్టినాడు. గుండు బల్బులున్నంతకాలము ఆ వంతెన దాటి పోవు కొద్దిపాటి కరెంటు అవతలి బల్బులను వెలిగింపజాలకుండెను. అల్పసంతోషులైన ఎల్‌ఈడీలకు ఆ కొద్దియే మృష్టాన్నమైనది. మేనల్లుడు దీనికి ఏవేవో డయోడులు వేయవలెననెను. నేను అతనిని రైలెక్కించి, గుండు బల్బులను పాత ఫ్లాషరును యథాస్థానమున ప్రతిష్ఠించితిని.

ప్రతిష్ఠ అయిన మూడవ దినమున మొత్తము మూగబోయినది. ఎడమ లేదు, కుడి లేదు, టిక్కు లేదు.

ఈ దశలో నాకు దొరకిన సలహాలను వివరించినచో గ్రంథము పెరుగును. ఫ్యూజు చూడుమనిరి, చూచితిని, గాజుగొట్టములో తీగ పెండ్లికూతురివలె చెక్కుచెదరక యుండెను, అదే ఫ్యూజు మీద వైపరు కూడ ఆడుచుండెను. కొత్త ఫ్లాషరు వేయుమనిరి. వేసితిని, అదియు మౌనవ్రతము పూనెను. స్విచ్చి మార్చుమనిరి, మార్చితిని. బ్రిటిష్ పద్ధతి తీగలలో ఆకుపచ్చ మీద ఎర్రచార ఎడమకు, ఆకుపచ్చ మీద తెల్లచార కుడికి అని పుస్తకములో చదివి, డ్యాషుబోర్డు క్రింద వెల్లకిల పండుకొని చూడగా, నలువది యేండ్లలో పలువురు మేస్త్రీలు అందినప్పుడు అందిన రంగు వేయుటచేత, అక్కడ ఆకుపచ్చ యొక్కటి తప్ప హోళీ పండుగనాటి రంగులన్నియు కనబడెను. బండి అమ్మివేయుమని ఒకరు చెప్పిరి. ఆయనతో నేను ఇప్పటికిని ముక్తసరిగానే మాట్లాడుదును.

కాలము గడుపుటకు చేతి సైగలను ఆశ్రయించితిని. మోటారు చట్టము వానిని నేర్పుచున్నది గదా: కుడికి తిరుగువాడు కుడిచేతిని అడ్డముగా చాపవలెను; ఎడమకు తిరుగువాడు అదే చేతిని చాపి అప్రదక్షిణముగా త్రిప్పవలెను; మెల్లగించువాడు అరచేయి నేలకు పెట్టి పైకి క్రిందికి ఊపవలెను. లైసెన్సు పరీక్షలో వీనిని వల్లించినవారు వేనవేలున్నారు. రోడ్డు మీద వీనిని గుర్తుపట్టినవానిని నేనొక్కనిని చూడలేదు. కంబాలచెరువు దగ్గర కుడికి చాపిన నా అరచేతిలో, బండి ఆగియుండగా, ఒక యువకుడు వినయముగా ఒక కరపత్రము పెట్టిపోయెను: ఆషాఢము తగ్గింపు ధరలు. మెల్లగించుచున్నానని చేయి ఊపగా, దారిప్రక్కన అరటిపండ్ల బండివాడు "వస్తున్నానండి బాబూ" అని ఒక హస్తమును చేతబట్టి పరుగున వచ్చెను. కొనక తప్పినది కాదు. ఎడమకు తిరుగుటకు చేతిని అప్రదక్షిణముగా త్రిప్పుట చూచి, వెనుక ఆటోలోని ఒక ముత్తైదువ, "పెద్దాయన ఎవరికో దిష్టి తీస్తున్నారు, ఆగు" అని డ్రైవరును ఆపించినది. ఫలితము సైగ కోరినదే గనుక నేను సరిదిద్దలేదు.

లారీల వెనుక పోవుట మరొక పరీక్ష. లారీవాడు కుడి దీపము వేసినచో, చట్టము ప్రకారము అతడు కుడికి తిరుగును. రహదారి సంప్రదాయము ప్రకారము "ఎదురు లేదు, నన్ను దాటి పో" అని అర్థము. ఒకే దీపమునకు ఇట్లు శ్రుతియు స్మృతియు భేదించినప్పుడు ఏది ప్రమాణమో తేల్చుకొనుటకు వెనుకవానికి మూడు క్షణముల వ్యవధి యుండును. నా చేతికి మూడవ అర్థము కూడ వచ్చెను: లోపలివాడు గాలికి చేయి బయట పెట్టుకొన్నాడని. ఆ దినములలో నేను నిర్భయముగా బండి నడిపిన స్థలము ఒక్కటే గలదు. 1974లో తెరచిన మన రోడ్డు-రైలు వంతెన. క్రింద రైలు, దాని క్రింద గోదావరి, అటు ఇటు కమ్ములు. ఎడమకును కుడికిని తిరుగుటకు దారి లేదు. సాయంకాలములయందు నేను పనిలేకున్నను కొవ్వూరు పోయి వచ్చుచుంటిని. మా ఆవిడ అనుమానింపసాగినది.

నలువదియవ నాడు, కొవ్వూరినుండి వచ్చుచు, వంతెన దిగిన పిమ్మట ఒక ఆటో ఎలక్ట్రీషియను పాక ముందు ఆపితిని. పాకలో అరువదేండ్ల మేస్త్రి యొకడు స్టూలు మీద కూర్చుండి డైనమో చుట్టుచుండెను. అతని సాధనములెల్ల ఒక్కటే: బల్బునకు రెండు తీగలు, ఒకదానికి క్లిప్పు, ఒకదానికి దబ్బనము. దానిని టెస్టు ల్యాంపు అందురు. మేనల్లుడు నాకు అమెజానులో తెప్పించి యిచ్చిన డిజిటల్ మీటరును నేను బయటికి తీయగా, అతడు దానిని గౌరవముతో చూచి, గౌరవముతోనే ప్రక్కన పెట్టించెను.

"ఆయ్, నాలుగూ కలిపి కొడతన్నాయాండి?" అనెను.

నేను అర్థము కాక చూచితిని.

"అదేనండి, హజార్డు. అది కొడతంటే ఫ్లాషరు బాగున్నట్టు, బల్బులు బాగున్నట్టు. ముందు అది కదండీ చూసేది."

ఇరువదియెనిమిదేండ్ల వ్రతమును నేను తగిన గాంభీర్యముతో అతనికి నివేదించితిని. అడ్డమైన చోట్ల దానిని వేయు పామరుల కోవలో నేను చేరలేదనియు, ఒక్కనాడును దానిని ముట్టలేదనియు, ముట్టనీయలేదనియు చెప్పితిని.

మేస్త్రి డైనమో క్రింద పెట్టెను. "అదేనండి మరి జబ్బు" అనెను.

అతడు క్లిప్పును బండి దేహమునకు తగిలించి, దబ్బనముతో కరెంటును, దొంగ జాడ తీయు తలారివలె, అడుగడుగున వెంబడించెను. ఫ్యూజు దగ్గర పొడిచెను: బల్బు వెలిగినది. హజార్డు స్విచ్చిలోనికి పోవు తీగ దగ్గర పొడిచెను: వెలిగినది. స్విచ్చినుండి ఫ్లాషరునకు పోవు తీగ దగ్గర పొడిచెను: చీకటి. మేస్త్రి నా వైపు చూచెను. నేను రోడ్డు వైపు చూచితిని.

సంగతి యేమనగా, ఇండికేటర్లకు కరెంటు తాళముచెవి త్రిప్పినప్పుడే రావలెను. హజార్డునకు తాళము తీసియున్నను, బ్యాటరీనుండి నేరుగా రావలెను. ఫ్లాషరు ఒక్కటే. కాబట్టి ఈ రెండు దారులను మార్చు పని హజార్డు స్విచ్చిది. దానిని నొక్కినప్పుడు మొదటి దారిని తెంచి, రెండవ దారిని కలిపి, ఎడమ కుడి తీగలను ఒకటి చేయును. నొక్కనప్పుడు అది ఊరక నిద్రించుచున్నదని నేననుకొంటిని. అప్పుడును ఇండికేటర్ల కరెంటు అంతయు దాని కడుపులోని ఇత్తడి కొసల గుండనే ఫ్లాషరునకు పోవుచుండును. నెలకొకసారి నొక్కుచున్నచో ఆ కొసలు ఒకదానితో ఒకటి రాచుకొని మెరుగుపడును. ఇరువదియెనిమిదేండ్లు కదలింపనిచో కిలుము పట్టును. ముందు సన్నగా పట్టినది. తరువాత ఒక వేసవిలో తలుపు మూసివేసినది. నడివీథిలో కారు ఆపి పూతరేకులు బేరమాడు ఆ పెద్దమనుష్యుని ఇండికేటర్లు ఏల దివ్యముగా పనిచేయుచున్నవో నాకప్పుడు తెలిసినది.

మేస్త్రి స్విచ్చి సందులో రెండు చుక్కలు పెట్రోలు వేసి, "నొక్కండి బాబుగారూ" అనెను. వ్రతభంగము నాచేతనే చేయింపదలచినాడు. నొక్కితిని, మొరాయించినది. మరల నొక్కితిని. ఏడవ నొక్కునకు లోపల ఏదో కదలినది. ఇరువదవ నొక్కునకు నాలుగు దీపములును ఒక్కసారిగా కన్నులు తెరచినవి. రెండు బల్బులకు కొలిచిన ఆ ఫ్లాషరు మీద నాలుగు బల్బుల భారము, 84 వాట్లు, ఏడు ఆంపియర్లు, ఒక్కసారి పడుటచేత, పట్టీ వెంటవెంటనే వేడెక్కి దీపములు పిచ్చుక గుండెవలె తొందరగా కొట్టుకొనసాగెను. "నాలుగింటికి పెద్ద ఫ్లాషరు వేయాలండి, తరవాత వేద్దాం" అని మేస్త్రి నవ్వెను. బొత్తామును వెనుకకు తీసి, ఎడమకు స్విచ్చి వేసితిని. టిక్కు. టిక్కు. టిక్కు. గడియారము తీసి లెక్కించితిని: ఎనుబదిరెండు. కుడికి ఎనుబది. చట్టము సంతృప్తి చెందినది.

ఎంత యిమ్మందువని అడుగగా, మేస్త్రి, "నొక్కింది మీరే కదండీ, నాకెందుకండి డబ్బులు. టీ చెప్పండి చాలు" అనెను. రెండు టీలకు ఇరువది రూపాయలైనది. అంతకుముందు బల్బులకును, ఎల్‌ఈడీలకును, రెండు ఫ్లాషర్లకును, స్విచ్చికిని, అరటిపండ్లకును అయిన లెక్క నా డైరీలో నున్నది. దానిని మా ఆవిడ చదువుట నాకిష్టము లేదు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారము ఉదయము కాఫీ త్రాగి, కారులో కూర్చుండి, ఆ ఎర్ర త్రికోణమును ఇరువదిసార్లు నొక్కుచున్నాను. మొదటి రెండు వారములు ఇరుగుపొరుగువారు ఏమి ప్రమాదము జరిగినదో యని పరుగెత్తుకొని వచ్చిరి, మూడవ వారము విశ్రాంత ఇంజనీరుగారు మాత్రము వచ్చి, "పూడిక తీస్తున్నారా?" అని పోయిరి, ఇప్పుడెవ్వరును రారు. పాత బండి గల పాఠకులు ఈ పత్రికను ఒక నిమిషము బోర్లించి, క్రిందికి పోయి, తమ బొత్తాము కదలుచున్నదేమో చూచి రావలెనని నా మనవి. మిఠాయి దుకాణము ఎదుట మాత్రము వలదు.